ఎక్సరే కిటికీలు

పోయిన నెల ఖాజా ఫోన్ చేసి, "మల్దకల్ తిమ్మప్ప డబ్బా వచ్చింది, వచ్చి చూస్కపో" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద మేమిద్దరం కలిసి చేసిన వస్తువు ఒకటి ఇంకా చావకుండా ఉందని తెలిసి నాకు సంతోషం కన్నా ముందు అనుమానమే కలిగింది. మా సరుకు ఆయుష్షు మీద మాకెప్పుడూ పెద్ద భ్రమలు లేవు. వనపర్తిలో అతని గేట్ల దుకాణానికి వెళ్లేసరికి డబ్బా బల్ల మీద ఉంది. తిమ్మప్ప కొడుకు బోరు దగ్గర కొత్త ప్యానెల్ బిగించుకొని, పాతదాన్ని పారేయడానికి చేతులు రాక బస్సులో పంపించాడట. రేకు మీద ఆకుపచ్చ రంగు సగం లేచిపోయింది. ముందు వైపు అగ్గిపెట్టె అంత కిటికీ, దాని మీద ఎండ పడకుండా టోపీ అంచులా వంచిన రేకు రెప్ప, లోపల చీకటి. "కరెంటు ఇంక ఇయ్యలే. నువ్వొచ్చినంక ఇద్దామని ఆగిన" అన్నాడు ఖాజా. తన గేటు సంగతి తేల్చుకోవడానికి వచ్చిన రిటైర్డు టీచరు ఒకాయన స్టూలు మీద కూర్చొని, మా ఇద్దరినీ డబ్బానూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఖాజా ముగ్గురికీ చాయ్ చెప్పాడు. ఆ చాయ్ వచ్చేలోపు నేను ఎంత దూరం పోయి వచ్చానో ఆ టీచరుకు తెలియదు.

అప్పట్లో నేను వనపర్తిలో మా పెద్దనాయన ఇంట్లో ఉండేవాణ్ని. చదువు కోసం వచ్చి, చదువు అయిపోయాక కూడా ఉండిపోయాను. నన్ను పంపించాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు, నేను గుర్తు చేయలేదు. పెద్దనాయన పేరు బాలయ్య. ఊళ్లో వైండింగ్ బాలయ్య అంటేనే తెలిసేది. రోడ్డు వైపు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో సంసారం, మధ్యలో ఒక తలుపు. వాసనలకు ఆ తలుపు ఎప్పుడూ అడ్డం కాలేదు. కాలిపోయిన మోటార్ల చుట్లు ఊడదీసే వాసన, కొత్త చుట్ల మీద పోసే వార్నిష్ వాసన, పెద్దమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన, మూడూ కలిసి ఒకే వాసనగా మా ఇంటికి స్థిరపడిపోయాయి. చుట్లు ఆరబెట్టడానికి పెద్దనాయన ఒక నూనె డ్రమ్ములో పెద్ద బల్బులు వేలాడదీసి పెట్టుకున్నాడు. వానాకాలంలో పెద్దమ్మ నా కాలేజీ అంగీలు కూడా అందులోనే ఆరవేసేది. డిగ్రీ పరీక్షలు మూడేళ్లూ నేను ఇన్సులేటింగ్ వార్నిష్ వాసనతోనే రాశాను. నా పక్క బెంచీవాళ్లు మంచివాళ్లు, ఏమీ అనలేదు, జరిగి కూర్చున్నారు.

పెద్దనాయన పద్ధతులు ఆయనకే ప్రత్యేకం. పొద్దున చాయ్ సాసర్లో పోసుకొని, మొదటి గుక్కకు ముందు వాకిట్లో ఉన్న మోటారు దగ్గరికి వంగి ముక్కు పెట్టేవాడు. "ఇది నిన్న కాలింది గాదు. మొన్ననే కాలింది, నిన్న మళ్ల తిప్పి జూసిండు" అనేవాడు. రైతు తల దించుకునేవాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరన్నా పలకరిస్తే ఎడమచేతి చూపుడువేలు పైకి లేచేది. ఆ వేలు దిగేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. తద్దినం పెట్టడానికి వచ్చిన పంతులు కూడా ఒకసారి ఆ వేలు కింద అరగంట నిలబడ్డాడు. ఎండాకాలం కరెంటు సన్నబడేది. వోల్టేజి లేనప్పుడు కూడా రైతులు మోటారు వేసేవాళ్లు, వేయకపోతే వేరుశనగ ఎండిపోయేది, వేస్తే మోటారు కాలిపోయేది. కాలితే మా ఇంటికి వచ్చేది. ఊరందరి కష్టం మీద మా పొయ్యి వెలిగేదని నాకు అప్పుడే తెలుసు. అలాంటి ఇంట్లో కూర్చొని మోటార్లు కాలకుండా చేసే యంత్రం కనిపెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ మనిషిని ఎంతకు తెగించేలా చేస్తుందో చెప్పడానికి ఇది చాలు.

యంత్రం అంటే మరీ పెద్దదేమీ కాదు. లైన్లో ఎన్ని వోల్టులు ఉన్నాయో ఎర్రటి అంకెల్లో చూపించే డబ్బా. అంకెలు మూడు. మూడువందల యాభైకి తగ్గితే మోటారు వేయవద్దు, అంతే శాస్త్రం. పెద్దనాయన ఆ సర్క్యూటును అద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఓల్టేజి చూడనీకె అంకెలెందుకురా? స్టార్టరు కాడ బల్బు ఉంటది. గుడ్డిగ వెలిగితే తక్కువున్నట్టు. గంత తెల్వదా రైతుకు?"

"ఎంత తక్కువనో తెల్వదు గద పెద్దనాయనా."

"ఎంత తక్కువనో తెలిసినంక నేనేం జెయ్యాలె? చేపలు పట్టాల్నా?"

అలా అన్నాడే గాని, దుకాణంలో ఒక మూల బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు. సర్క్యూటు నాది, డబ్బా ఖాజాది. ఖాజా వాళ్ల నాన్న రేకు పెట్టెలు చేసేవాడు. ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్ల చీరలన్నీ ఆయన పెట్టెల్లోనే ఉండేవి. ఖాజా చేతిలో రేకు కాగితంలా వంగేది. సర్క్యూటు వారం రోజుల్లో పనిచేసింది. మిగిలిన ఏడాదంతా మేము పోరాడింది ఆ మూడు అంకెలను డబ్బాలో కూర్చోబెట్టడానికి. ఈ విషయం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పుస్తకంలో డిస్‌ప్లే బొమ్మ గీసి, ఇక వెలుగుతుంది అని వదిలేస్తారు. అది ఎండలో, దుమ్ములో, చీమల్లో, రైతు వేలి కింద వెలగాలని పుస్తకం రాసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మొదటి డబ్బాకు డిస్‌ప్లేను రేకుకు నేరుగా క్విక్ గమ్ముతో అంటించాం. తెల్లారేసరికి ఆ గమ్ము ఆవిరి అంకెల మీద తెల్లగా పొడిలా పేరుకుంది. అంకెలు కంటిశుక్లం వచ్చిన ముసలివాడి కళ్లలా మమ్మల్ని చూశాయి. రెండోదానికి గమ్ము మానేసి స్క్రూలు బిగిస్తే, మోటారు అదురుకు సోల్డరు కాళ్లు విరిగిపోయాయి. అప్పుడు డిస్‌ప్లేకు వేరే చిన్న బోర్డు పెట్టి, అయిపోయిన పెన్నుల గొట్టాలు సమానంగా కోసి స్క్రూలకు తొడిగి, బోర్డును రేకుకు కొంచెం దూరంగా నిలబెట్టాం. కిటికీ చుట్టూ సైకిల్ ట్యూబు కత్తిరించి పెడితే చీమలూ దుమ్మూ ఆగాయి. బల్లులు మాత్రం ఆ వెచ్చదనానికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి. వాటికి మేం చేయగలిగింది ఏమీ లేక సౌకర్యంగా ఉండనిచ్చాం.

ఇక ఎండ. పాలమూరు ఎండలో ఎర్ర అంకె వెలుగుతున్నదో లేదో బ్రహ్మకు కూడా తెలియదు. ముందర ఏదో ఒక నల్లని అద్దంలాంటిది ఉండాలి; అప్పుడు వెలగని గీతలు దాక్కుంటాయి, వెలిగేవి కనబడతాయి. మిఠాయి డబ్బాల ఎర్ర జిలెటిన్ కాగితం పెడితే పదిహేను రోజుల్లో వెలిసిపోయి గులాబీ రంగుకు వచ్చింది. విరిగిన కూలింగ్ గ్లాసులు పెడితే వంపులో అంకె మెలితిరిగి ఎనిమిదికీ సున్నాకూ తేడా పోయింది. అప్పుడు ఖాజా దవాఖానలో పనిచేసే వాళ్ల మామ దగ్గర నుంచి పాడైన ఎక్సరే ఫిల్ములు రెండు తెచ్చాడు. నల్లగా ఉన్న చోట ముక్క కోసి కిటికీకి పెట్టి కరెంటు ఇచ్చాం. నల్లటి కిటికీలో నాలుగు వందల పది నిప్పుకణికల్లా లేచి నిలబడింది. జీవితంలో కొన్ని క్షణాల్లో మనిషి తాను తెలివైనవాణ్నని నమ్ముతాడు. తర్వాత ఆ నమ్మకాన్ని మోయడం కష్టం.

ఖాజాకు ఒక అలవాటు ఉండేది. కిటికీలు ఉలితో కొట్టి ఆకురాయితో రుద్ది చేసేవాడు గనుక ఏ రెండూ ఒక కొలతలో ఉండేవి కావు. అందుకని ఏ డబ్బాకు కోసిన ఫిల్ము ముక్క మూలన ఆ డబ్బా నంబరును కంపాసు ముల్లుతో గీకేవాడు. డబ్బా అడుగున అదే నంబరు పంచ్ కొట్టేవాడు. ఎవరి డబ్బా ఏ ఊరికి పోయిందో ఒక నోటుబుక్కులో రాసేవాడు. "రేపు ఏమన్నా అయితే?" అనేవాడు. ఏమవుతుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఎండాకాలం ఎనిమిది డబ్బాలు ఒక్కసారే అడిగారు. ఫిల్ములు అయిపోయాయి. దవాఖాన మామకు బదిలీ అయింది. నేను ఇంట్లో నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతున్న పెద్ద ఖాకీ రంగు కవరు కనిపించింది. అందులో ఉన్నది పెద్దనాయన ఎక్సరే. అంతకు రెండేళ్ల ముందు ఆయనకు టీబీ వచ్చింది. నెలల తరబడి మాత్రలు మింగి బయటపడ్డాడు. దవాఖానవాళ్లు కార్డు తమ దగ్గర పెట్టుకొని ఫిల్ము మాత్రం ఇచ్చి పంపారు. పెద్దమ్మ దాన్ని నేను తెచ్చిన డిగ్రీ సర్టిఫికెట్ కన్నా భద్రంగా పెట్టింది. జబ్బు నయమైంది కదా, ఇక దీనితో పనేముంది అని నాకు తోచింది. ఛాతీ ఎక్సరేలో ఎముకలు తెల్లగా, ఊపిరితిత్తులు నల్లగా ఉంటాయి. మాకు కావలసింది నలుపు. రెండు ఊపిరితిత్తుల్లో చక్కగా ఎనిమిది కిటికీలు వచ్చాయి. కోసినంత మేర పోగా మిగిలిన పక్కటెముకలను ఖాజా తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు, రేకు మనిషి ముక్కలు పారేయడు గనుక. ఖాళీ కవరులో నేను ఎరువుల దుకాణం క్యాలెండరు అట్ట పెట్టి మళ్లీ మేకుకు తగిలించాను. బరువు సరిగ్గా సరిపోయింది. అంత నేర్పు నేను సర్క్యూటులో చూపించి ఉంటే వేరే మనిషినయ్యేవాణ్ని.

ఎనిమిదింటిలో అయిదో నంబరు ముక్కలో నడుమ చిన్న తెల్లటి మరక ఉంది. "దాగు ఉంది యార్" అన్నాడు ఖాజా. పర్వాలేదు, దూరం ఊరికి పంపుదాం అన్నాను. అది మల్దకల్ తిమ్మప్ప బోరుకు పోయింది. నెలలోపే తిమ్మప్ప కబురు పంపాడు: మధ్య అంకె మీద మబ్బు పట్టింది, వచ్చి తుడువుమని. నేను పోయి తుడిచాను. మళ్లీ కబురు, మళ్లీ పోయాను. ఈసారి కిరోసిన్‌తో తుడిచాను. మూడోసారి వెళ్లి, "మీ ఇంట్లో పొయ్యి పొగ వస్తున్నది, దానికి నేనేం చెయ్యను" అని తిమ్మప్ప భార్య మీద నెపం పెట్టి వచ్చేశాను. ఆమె పొయ్యి బోరుకు అరకిలోమీటరు దూరంలో ఉంది. ఆ సంగతి ఆమె చెప్పింది కూడా. నేను వినలేదు.

మరో రెండేళ్లు గడిచాయి. ఆ చలికాలం పెద్దనాయనకు దగ్గు తిరగబెట్టింది. సాసర్లో చాయ్ వణికేది. లెక్క మధ్యలో దగ్గు వచ్చి, లేచిన వేలు దిగకముందే లెక్క పోయేది. మొదటి నుంచి మళ్లీ చుట్టేవాడు. అంగీ భుజాలు జారాయి. వనపర్తి డాక్టరు కొత్త ఎక్సరే తీయించి, చూసి, ఏమీ చెప్పకుండా కర్నూలు పొమ్మన్నాడు. ఏమీ చెప్పకపోవడంతోనే మా ఇంట్లో అందరికీ అంతా అర్థమైంది.

కర్నూలు బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో రెండు కవర్లు. కొత్తది పైన, పాతది కింద. "పాతది గుడ తెచ్చిన. పెద్ద డాక్టర్లు పాతది అడుగుతరు" అంది. పెబ్బేరులో చెప్పేద్దామనుకున్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు ఆమె నదికి దండం పెట్టుకుంది, ఆ కవర్లు కూడా నదికి చూపించింది. అప్పుడు చెప్పడం బాగుండదనిపించింది. ఎర్రవల్లి చౌరస్తాలో జామకాయలు కొన్నారు. అలంపూర్ చౌరస్తా వచ్చేసరికి ఎండ కిటికీలోంచి పెద్దనాయన ముఖం మీద పడుతుంటే ఆమె ఆ పాత కవరునే అడ్డం పెట్టింది. క్యాలెండరు అట్ట ఎండను బాగానే ఆపింది. స్టేజీకొక ధైర్యం కూడగట్టుకుంటూ, స్టేజీ దాటగానే పారేసుకుంటూ కర్నూలు చేరాను.

డాక్టరు కొత్త ఫిల్మును వెలుగు డబ్బాకు తగిలించి చాలాసేపు చూశాడు. "కుడి వైపు పైన ఒక మచ్చ ఉంది. పాత టీబీ మచ్చే అయితే భయం లేదు. కొత్తగా వచ్చింది అయితే హైదరాబాదు పంపి, సూదితో ముక్క తీయించి చూడాలి. ఈయన దగ్గు చూస్తుంటే సూది అంటే నాకూ ఆలోచనగానే ఉంది. పాత ఫిల్ము ఉందా?"

"ఎందుకు లేదు సారూ" అంది పెద్దమ్మ, ఈ ఒక్క ప్రశ్న కోసమే నాలుగేళ్లు ఎదురుచూసినట్టు. కవరు అందించింది. డాక్టరు అందులో చేయి పెట్టి అట్ట బయటికి లాగాడు. వెలుగు డబ్బా ముందు పెట్టబోయి ఆగాడు. ఒక వైపు ఎరువుల బస్తా మీద చేయివేసి నవ్వుతున్న రైతు బొమ్మ.

"ఏందమ్మా ఇది?"

పెద్దమ్మ బొమ్మను చూసింది, తర్వాత పెద్దనాయనను చూసింది, ఆయనే ఏదో మంత్రం వేసినట్టు. నేను అప్పుడు చెప్పాను. కిటికీలు, నలుపు, ఎనిమిది డబ్బాలు, అన్నీ చెప్పాను. నా గొంతు నాకే బడిపిల్లవాడిదిలా వినిపించింది. డాక్టరు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దనాయన మాత్రం తల తిప్పి అడిగాడు:

"నా ఊపిరితిత్తులు ఇప్పుడు యాడున్నయిరా?"

"గోపాల్‌పేటల రెండు ముక్కలు. వీపనగండ్ల దిక్కు మూడు. నాగర్‌కర్నూల్ రైసుమిల్లుల రెండు. మల్దకల్‌ల ఒకటి."

"పని జేస్తున్నయా?"

"చేస్తున్నయి పెద్దనాయనా."

"మంచిదే. నా తాన ఉన్నయి చేస్తలేవు" అన్నాడు, డాక్టరు వైపు తిరిగి, నమస్కారం పెడుతూ.

డాక్టరు వారం గడువు ఇచ్చాడు. ముక్కలు దొరికితే తెమ్మన్నాడు, దొరకకపోతే హైదరాబాదు చీటీ తీసుకుపొమ్మన్నాడు. ఇంటికి వచ్చాక పెద్దమ్మ నాకు రొట్టె పెట్టింది. ఆ రొట్టె ఎప్పటికన్నా మందంగా ఉంది. నా మీద ఆమె తీసుకున్న చర్య అదొక్కటే.

మర్నాడు ఖాజా నోటుబుక్కు తెరిచాడు. బల్ల సొరుగులోంచి ఆ పక్కటెముకల చట్రం తీసి దుమ్ము దులిపి పెట్టాడు. డబ్బా నుంచి ఫిల్ము తీస్తే అక్కడ వేరేది ఏదో పెట్టాలి కదా అన్న చర్చ వచ్చింది. ఏం పెడదామని మేము తలలు పట్టుకున్నప్పుడు, రెండు దుకాణాల అవతల బోర్డులు రాసే స్టిక్కర్ల దుకాణంవాడు వచ్చి, "ఎర్ర యాక్రిలిక్ ముక్కలు మస్తు పడున్నయి, కావాల్నా?" అన్నాడు. కోసి కిటికీకి పెట్టి చూశాం. ఎక్సరే కన్నా మిన్నగా ఉంది. అది అన్నేళ్లూ అక్కడే ఉంది. మేము అడగలేదు. అడిగే అవసరం లేనంత తెలివి ఉండేది మాకు.

గోపాల్‌పేటలో మొదటి ముక్క తేలిగ్గా దొరికింది, కాకపోతే దసరాకు ఆయుధపూజ చేసి కిటికీ మీదనే పసుపు కుంకుమ పెట్టి ఉన్నారు. అంకెలు రెండు నెలలుగా బొట్టు వెనక నుంచి కనబడుతున్నాయి. రెండోదాని కిటికీ బోసిగా ఉంది. రైతు తడుముకున్నాడు. "గ్రహణం చూడనీకె తీసిన సారూ. ఊరంత సూసిన్రు. మంచిగ కనవడ్డది." మా పెద్దనాయన ఎడమ ఊపిరితిత్తిలోంచి ఒక ఊరు ఊరంతా సూర్యగ్రహణం చూసింది. ముక్క ఆ రైతు పంచాంగం మధ్యలో, అదే గ్రహణం పేజీలో దొరికింది. వీపనగండ్ల దిక్కు ఒకామె, డబ్బా మూత విప్పేదాకా స్టార్టరు ముందు కూర్చొని నా చేతుల మీద నుంచి చూపు తీయలేదు. "మీ పెద్దనాయనకు బాగ గావాలె గని, మా మోటరు గుడ కాలొద్దు" అంది. రెండింటిలో ఏది ముందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నాగర్‌కర్నూల్ మిల్లులో ముక్కల మీద రెండేళ్ల తవుడు. ఏడు ముక్కలు చట్రంలో సెల్లోటేపుతో అతికించి చూశాం. ఖాజా గీతలు ఇంకా చెరగలేదు. ముక్క ముక్కకూ సరిగ్గా తన చోటు దొరికింది. కుడి వైపు పైన, డాక్టరు వేలు పెట్టి చూపించిన చోట, అగ్గిపెట్టె అంత ఖాళీ మిగిలింది. నంబరు అయిదు.

అప్పుడు నాకు తిమ్మప్ప మబ్బు గుర్తుకొచ్చింది. కిరోసిన్ పెట్టి తుడిచిన చేయి నాదే. అది చెరిగిపోయి ఉంటే?

మల్దకల్‌కు పెద్దనాయన కూడా వస్తానన్నాడు. వద్దంటే, "నాది నేను తెచ్చుకుంట" అన్నాడు. శనివారం, స్కూటరు వెనక మఫ్లర్ చుట్టుకొని కూర్చున్నాడు. ఖాజా తన మోపెడ్ మీద వెనక. గుడి ముందు ఆగి స్వామికి దండం పెట్టుకొని బోరు దగ్గరికి పోయేసరికి తిమ్మప్ప మడిలో ఉన్నాడు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మళ్ల వస్తివా తుడవనీకె?"

"కాదు తిమ్మప్పా. ఆ ముక్కనే తీస్కపోతం. మంచిది వేస్తం."

"సాకు సాకు." అక్కడివాళ్లు ఇంకచాలు అనడానికి కన్నడం మాటే వాడతారు. "మబ్బు తియ్యమంటె మూడుసార్లు వస్తివి, మా ఇంటిదాని పొయ్యి మీద పెడితివి. నాలుగు దినాలు అది నాకు అన్నం సక్కగ వెయ్యలే. ఇప్పుడు ఆ మబ్బే గావాల్నంటవు. ఏంది నీ కథ?"

నేను చెప్పబోతే పెద్దనాయన వేలు లేచింది. ఎడమచేతి చూపుడువేలు. అలవాటు కొద్దీ నేను ఆగిపోయాను. "ఆ మబ్బు నాది తిమ్మప్పా" అన్నాడు ఆయన. "నా రొమ్ములది. నా పోరడు కోసి నీ డబ్బాకు పెట్టిండు. పాతదో కొత్తదో డాక్టరుకు జూపియ్యాలె. పాతదైతే ఉంట. కొత్తదైతే..." అని, మిగతా మాట తిమ్మప్పకే వదిలేసి, పంపు దిమ్మె మీద కూర్చున్నాడు.

తిమ్మప్ప డబ్బా దగ్గరికి వెళ్లాడు. తానే స్క్రూలు విప్పాడు. ముక్క తీసి, తువ్వాలుతో తుడవబోయి, తుడవకుండా ఇచ్చాడు. "ఇది వచ్చినంక మోటరు ఒక్కపారి గుడ కాలలే" అన్నాడు.

"అందుకే నా దుకాణం సన్నవడ్డది" అన్నాడు పెద్దనాయన. ముక్కను ఆకాశానికి పెట్టి చూశాడు. నేను వెనక నుంచి చూశాను. మరక ఉంది. కిరోసిన్‌కు, నా చేతికి, ఎండకు లొంగకుండా అక్కడే ఉంది. పెద్దనాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కాయిల్ అయితే ఎప్పుడు కాలిందో వాసన జూసి చెప్తుంటి. ఇది చెప్త లేదు" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. తిమ్మప్ప నీళ్లు తెచ్చి ఇచ్చి, "పనైనంక నాది నాకు తెచ్చియ్యాలె బాలయ్యా. నా డబ్బాకు అదే కుదురుకున్నది" అన్నాడు. మనిషి తిరిగి రావాలని చెప్పడానికి ఆ ఊళ్లో వేరే పద్ధతి లేదనుకుంటాను.

కర్నూలు డాక్టరు ఆ సెల్లోటేపు ఫిల్మును రెండు చేతులతో పట్టుకొని, కింద పడితే మనిషే పడిపోతాడన్నట్టు వెలుగు డబ్బాకు తగిలించాడు. పక్కన కొత్తది. స్కేలు పెట్టి కొలిచాడు. ఇక్కడ కొలిచాడు, అక్కడ కొలిచాడు, మళ్లీ ఇక్కడ కొలిచాడు. "అదే మచ్చ" అన్నాడు చివరికి. "నాలుగేళ్లలో వెంట్రుకంత పెరగలేదు. పాతదే. దగ్గు వార్నిష్ పొగది. ఆ పని తగ్గించండి. ఏడాది తర్వాత ఇంకోసారి చూద్దాం." పెద్దమ్మ కూర్చున్నచోటే కూర్చొని ఏడ్చింది. డాక్టరు ఫిల్ము విప్పుతూ ముక్కల మూలల్లో ఉన్న స్క్రూ బెజ్జాలు చూశాడు.

"ఈ బెజ్జాలేందయ్యా?"

"గాలి కోసం సారూ" అన్నాడు పెద్దనాయన.

ఏడాది తర్వాత మళ్లీ కొలిపించుకొని, అదీ సరిగానే ఉందనిపించుకొని, పెద్దనాయన అయిదో ముక్కను చట్రంలోంచి ఊడదీసి, మల్దకల్ పోయి, తిమ్మప్ప డబ్బాలో తన చేత్తో బిగించి వచ్చాడు. మిగతా ఫిల్మును మళ్లీ అదే కవరులో పెట్టి అదే మేకుకు తగిలించాడు. ఆ తర్వాత చాలాకాలం ఉన్నాడు. పోయింది వేరే కారణంతో, ఊపిరితిత్తులకు అందులో ప్రమేయం లేదు.

ఇప్పుడు ఎక్సరే ఫోనులోకి వస్తుంది. ఎంత తెలివైనవాడైనా దాన్ని కోసి కిటికీ చేయలేడు, అది మంచిదే. డిస్‌ప్లేలు కూడా అంచు, అద్దం, బిగింపు అన్నీ ఉన్నవి వస్తున్నాయి; బెజ్జంలో పెట్టి నొక్కితే టిక్కుమని కూర్చుంటాయి. ఏడాది పాటు మేము పడ్డ పాట్లు ఆ టిక్కులో అయిపోతాయి. నాకు కోపం లేదు. కాకపోతే వాటిల్లో ఏదన్నా పాడైతే తుడవడానికి ఎవరూ రారు, వచ్చి ఎవరి భార్య పొయ్యి మీదా నెపం పెట్టరు. అప్పుడు ఒక జిల్లాగా ఉన్న ఆ ఊళ్లు ఇప్పుడు మూడు జిల్లాలు. ఒక మనిషి ఊపిరితిత్తులు ఏరుకురావడానికి ఇప్పుడైతే ముగ్గురు కలెక్టర్ల సరిహద్దులు దాటాలి.

చాయ్ వచ్చింది. ఖాజా గ్లాసు పక్కన పెట్టి, వెల్డింగు లైను నుంచి వైర్లు లాగి డబ్బాకు కలిపాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ నల్ల కిటికీ వెనక నుంచి నాలుగు, ఒకటి, రెండు ఒకదాని పక్కన ఒకటి ఎర్రగా లేచాయి. చివరి గీత కొంచెం వణికి నిలబడింది. టీచరు స్టూలు ముందుకు జరుపుకొని, అద్దాలు సవరించుకొని వంగాడు. జేబులోంచి రుమాలు తీశాడు.

"అంకెలు బాగనే ఉన్నయి గని, నడుమ ఏదో మబ్బు పట్టింది. తుడుస్త ఆగుండ్రి."

ఖాజా తల ఎత్తకుండానే చేయి అడ్డం పెట్టాడు.

"మబ్బు గాదు సారూ. వీళ్ల పెద్దనాయన."